మా బావకు ఆర్డరు రాలేదు

ఆదివారం చర్చిలో నేను వాక్యం చెబుతుండగానే కబురొచ్చింది. మా అక్క భర్త, మా బావ, గుంటూరు ఆసుపత్రిలో పోయాడు. కామెర్లు ముదిరాయి. బోధ అక్కడే ఆగిపోయింది. నేను బోధ మధ్యలో ఆపడం మా సంఘం అంతకుముందు చూడలేదు.

ఆయన మిరప కాయకుళ్ళు మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకున్నాడు. యూనివర్సిటీలో పర్మనెంటు లెక్చరర్ కావాలన్నది ఒక్కటే కోరిక. చివరిదాకా పార్ట్‌టైమ్‌గానే మిగిలాడు. వేసవిలో క్లాసులుండవు, జీతమూ ఉండదు. ఆ రోజుల్లో కల్లాల వెంట తిరుగుతూ, రంగు పోయిన తాలుకాయలు ఏరే ఆడవాళ్లను "అమ్మా, ఈ మచ్చ ఎప్పుడు పడింది?" అని అడిగేవాడు.

"పెళ్లిచూపులకొచ్చినట్టు కాయనట్టా చూస్తావేందయ్యా!" అని వాళ్లు నవ్వేవాళ్లు.

నేను బడి మధ్యలో మానేసినవాణ్ణి. బైబిలు గ్రంథమే నా చదువు. బావ చివరి వరుసలో కూర్చుని నా బోధ వినేవాడు. బయటికొచ్చాక భుజం మీద చెయ్యేసి, "ఒరేయ్, బాగా అరిచావు. రుజువేదిరా?" అనేవాడు. వచనాన్ని ముందూ వెనకా చూసి చదవడం ఆ ఒక్క ప్రశ్న వల్లే నాకు అబ్బింది.

ఒకసారి ఇంటర్వ్యూకి కుళ్లుకాయలు కవర్లో పట్టుకెళ్లాడు. ప్యానెల్లో ఒకాయన వాటిని విప్పి చూసి తుమ్మాడట. తర్వాత బావకు టీ తెప్పించారట. అంతే, మా అక్క అత్తగారు తేల్చేసింది. "ఊరికే టీ ఇస్తారా ఎవరన్నా? వచ్చినట్టే!"

మాలో ఉద్యోగమొస్తే కృతజ్ఞత కూడిక పెట్టి, ప్రార్థన చేసి అందరికీ భోజనం పెడతారు. ఆవిడ ఆర్డరు రాకముందే షామియానా వేయించింది. కూడిక రోజు పొద్దున తెలిసింది, నోటిఫికేషనే రద్దయిందని. అప్పటికే కూర ఉడుకుతోంది. దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమని అందరూ ఆయన వైపు చూశారు.

బావ లేచాడు. "ఉద్యోగం రాలేదండీ. కూర మాత్రం బాగా కుదిరింది. తినకుండా ఎవరూ పోవద్దు" అని తనే విస్తళ్లు వేయడం మొదలుపెట్టాడు.

ఆ సాయంత్రం నేను ఊగిపోయాను. "దేవుడు తలుపు తీస్తాడు బావా!"

"తీస్తాడ్రా. నోటిఫికేషన్ ఇవ్వాల్సింది మాత్రం యూనివర్సిటీ."

తర్వాత వచ్చిన ప్రకటన కోర్టులో ఆగింది. ఆపై మరొకటి వచ్చినప్పుడు, ఆయన దగ్గర చదువుకున్న కుర్రాడే ఆయన పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. పోస్టు ఆ కుర్రాడికి దక్కింది. "వాడు బాగా చదివేవాడ్రా" అన్నాడు బావ. ఆ రాత్రి అన్నం ముట్టలేదని అక్క చెప్పింది.

కూలికి ఎవరూ పిలవక పొద్దువాలేదాకా బజారులో నిలబడ్డ మనుషుల సంగతి గ్రంథంలో ఉంది. నేనెన్నిసార్లు బోధించానో! ఆ కథలో యజమాని చీకటి పడకముందే వచ్చి వాళ్లను పనిలో పెట్టుకున్నాడు, పూర్తి కూలీ ఇచ్చాడు. మా బావ దగ్గరకు ఎవరొచ్చారు? చెప్పండి. నాకే వచనమూ అందడం లేదు.

సమాధి దగ్గర సిలువ మీద పేరు రాస్తూ పెయింటరు అడిగాడు. "పేరు కింద ఏం రాయమంటారు? ప్రొఫెసర్ అనా?"

"రాసేయ్. ఇప్పుడెవరడుగుతారు?" అన్నాడొక పెద్దాయన.

"వద్దు" అంది అక్క. "బతికుండగా ఇవ్వనిది ఇప్పుడు మనమిచ్చేదేంటి? పేరు చాలు."

పెయింటరు కుంచె తుడుచుకున్నాడు. గోడవతల పత్తి జిన్నింగు మిల్లు నడుస్తోంది. అక్కడి నుంచి ఎగిరొచ్చిన దూదినూగు ఆరని నల్లటి అక్షరాలకు అంటుకుంటోంది. అక్క ఒక్కొక్క పోగే గోటితో తీస్తూ కూర్చుంది. తీసినచోటల్లా మళ్లీ వచ్చి వాలుతోంది.