మామయ్య పట్టుకున్న లూజు

నేను ఎమ్మిగనూరులో ఉంటూ పెద్దకడుబూరు బడిలో పాఠాలు చెబుతాను. రాకపోకలకు మూడేళ్ల క్రితం కొన్న పాత కారే ఆధారం. ఒక శనివారం ఇంటికి వస్తుంటే ఎదురుగా పత్తి లారీ వచ్చింది. తప్పుకుందామని స్టీరింగు తిప్పితే, కారు ఒక క్షణం ఆలస్యంగా తిరిగింది. లారీ దాటిపోయాక కారు పక్కకు ఆపి, కాసేపటికి నిదానంగా ఇంటికి చేరాను.

మా మామగారు ముప్పై ఏళ్లు బస్సు నడిపిన మనిషి. చూపు మందగించాక గడప దాటడం తగ్గించారు. నేను కాపురానికి వచ్చిన ఏడేళ్లలో మా మధ్య భోజనానికి పిలవడం తప్ప పెద్దగా మాటల్లేవు. ఆ సాయంత్రం మాత్రం భయం ఆపుకోలేక ఆయనకే చెప్పాను.

"గుంతల్లో దిగితే సప్పుడు వస్తాందా?" అని అడిగారు.

"వస్తోంది మామయ్యా, ఎడమ పక్క."

"రేపు పొద్దున సూద్దాం లేమ్మా."

ఆదివారం ఆయన ముందు బానెట్ మూలలు గట్టిగా నొక్కి వదిలారు. కారు ఒకసారి పైకి లేచి నిలిచిపోయింది. "కుదుపు ఆపే షాకులు బాగుండాయి," అన్నారు. తర్వాత నన్ను లోపల కూర్చోబెట్టి స్టీరింగు కొద్దికొద్దిగా అటూ ఇటూ ఆడించమన్నారు. తాను గోనెసంచి పరుచుకుని పడుకొని, ఎడమ చక్రం వెనక చేయి పెట్టారు.

"నిలుపు. లూజు ఈడనే ఉండాది."

చక్రాన్ని తిప్పే రాడ్డు చివర కీలు అరిగిపోయింది. నన్ను పిలిచి నా వేళ్లు దాని మీద పెట్టించి, ఆయన వెళ్లి స్టీరింగు ఆడించారు. వేళ్ల కింద టక్కుమంది.

ఆ వారమంతా బస్సులోనే బడికి వెళ్లాను. ఒకరోజు అటే ఆదోని వెళ్లి కొత్త కీలు తెచ్చాను. తర్వాతి ఆదివారం స్పానర్ నా చేతిలో పెట్టారు.

"నాకు కండ్లు ఆనవు. నువ్వే ఇప్పల్ల. ఎన్ని సుట్లకు ఊడుతుందో లెక్కబెట్టు, కొత్తదీ అన్నే తిప్పల్ల."

జాకీ ఒక్కదాన్నే నమ్మొద్దని కారు కింద ఇనుప స్టాండు కూడా పెట్టించారు. మధ్యలో కంట్లో చెమట పడి లెక్క మరిచిపోయాను. "పద్నాలుగు," అన్నారు పక్కనుంచి, నెమ్మదిగా.

చక్రాలు తిన్నగా నిలిచేలా సరిచేసే అలైన్‌మెంట్ కోసం నిదానంగా ఆదోని వెళ్తుంటే ఆయనా వచ్చారు. షాపతను కిందికి చూసి, "ఎవరు బిగించినారు పెద్దాయనా, బాగా కుదిరింది," అన్నాడు.

"మా కోడలు. నేను పక్కన కూసున్న్యా, అంతే."

ఆ మాటకు నాకు కళ్లు చెమర్చాయి. థ్యాంక్స్ అని చెబితే ఆయన ఇబ్బందిపడతారు. అందుకే సెలవు దొరికినప్పుడల్లా పక్కన కూర్చోబెట్టుకుని ఆదోని వైపు తీసుకెళ్తుంటాను. దారి పొడుగునా ఆయన బస్సు కబుర్లు చెబుతారు, నేను వింటూ నడుపుతాను.