నంబరు లేని ఫోను

కామాటిపుర పదకొండో గల్లీలో, తాత కట్టుబడి కూలీగా వచ్చినప్పుడు దొరికిన ఒంటిగది ఖోలీలోనే సంధ్య పుట్టింది. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి శంకర్రావు నాగ్‌పాడాలో మోటారు సామాన్ల దుకాణంలో పనిచేస్తాడు. సంధ్యను పెంచిందంతా నాయనమ్మ శాంతాబాయి. సంధ్య ఆమెను అవ్వ అని పిలుస్తుంది.

గదులు వరసగా ఉన్న ఆ పాత చాల్ పడగొట్టి కొత్త బిల్డింగు కడతారని చెప్పడంతో వాళ్ల అంతస్తులో చాలామంది ముందే ఖాళీ చేసి వెళ్లిపోయారు. గ్యాలరీ పొడవునా తలుపులకు తాళాలే. పగటిపూట అక్కడ మనిషి అలికిడంటే అవ్వదే.

సంధ్య ఒక ప్రైవేటు అంబులెన్సు కంపెనీలో ఫోన్లు తీసేది. ఏడుపుల్లోంచి అడ్రసు ఏరుకోవడం ఆమె పని. బండి పంపాక ఆ మనిషి బతికాడో లేదో తెలిసేది కాదు, అప్పటికే ఇంకో ఫోను మోగేది. లైను కలిశాక అవతలివాళ్లు నోరు విప్పేలోపు సన్నగా సర్రుమనే చప్పుడు ఒకటి ఉంటుంది. కొన్నాళ్లకు అది ఇంట్లో కూడా వినిపించసాగింది, ఫ్యానులోంచి, నీళ్లు రాని కుళాయిలోంచి. ఆ చప్పుడు వినగానే ఆమె ఊపిరి బిగబట్టి, ఎవరో మాట్లాడతారని ఎదురుచూసేది.

ఒక మధ్యాహ్నం పనిలో ఉండగా ఆ చప్పుడుతోనే ఒక ఫోను వచ్చింది. స్క్రీను మీద నంబరు లేదు.

"సంధ్యా," అంది అవతలి గొంతు. "కాలు మెలిపడ్డది. లేవస్తలేదు బిడ్డా."

అది అవ్వ గొంతు. కానీ అవ్వ దగ్గర ఫోను లేదు.

"అవ్వా? ఏడున్నవ్?"

"ఇంట్లనే. మోరికాడ."

ఖోలీ మూలన స్నానాలకూ గిన్నెలకూ వాడే చోటు అది. సంధ్య తన ఇంటి అడ్రసే కొట్టి బండి పంపింది. కాసేపటికి డ్రైవరు ఫోను చేశాడు. ముసలామె మంచం మీద కూర్చుని ఉందనీ, తనకేమీ కాలేదంటోందనీ, ఫోనే చేయలేదంటోందనీ విసుక్కున్నాడు.

సూపర్‌వైజరు రమేష్ రికార్డింగు వేసి వినిపించాడు. అందులో సంధ్య గొంతు ఒక్కటే ఉంది. అవ్వా, ఏడున్నవ్, అని అడుగుతోంది. ఆ తర్వాత, ఒక మనిషి జవాబు చెప్పేంత సేపు, ఖాళీ. ఆ ఖాళీలో సర్రుమనే చప్పుడు కూడా లేదు. రమేష్ ఆమె ముఖంలోకి చూడకుండా, కొన్నాళ్లు సెలవు తీసుకొమ్మన్నాడు.

ఆ సాయంత్రం అవ్వ మంచం దిగలేదు. "నాకేమైతది? మంచిగనే ఉన్న," అని గోడవైపు తిరిగి పడుకుంది.

సెలవు అయ్యాక సంధ్య పనిలోకి వెళ్లింది కానీ ఆమె వినే తీరు మారిపోయింది. అవతలివాళ్లు మాట్లాడుతుంటే ఆ మాటల వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని వినేది. ఒకరోజు పక్క సీటులోని మనాలి ఆమె భుజం పట్టి కుదిపింది. లైనులో ఒకాయన భార్యకు ఊపిరి ఆడడం లేదని మొత్తుకుంటున్నాడు. అడ్రసు ఎప్పుడో చెప్పేశాడు. సంధ్యకు ఒక్క ముక్క వినబడలేదు. మనాలి ఆ ఫోను తను తీసుకుని బండి పంపింది. ఆయన భార్య బతికిందట.

సంధ్య హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టింది. మళ్లీ పెట్టుకోలేదు. ఉద్యోగం మానేసి ఇంట్లోనే కంప్యూటర్ పని నేర్చుకుంటానని తండ్రికి చెప్పింది.

"కాలేజీల కంప్యూటర్ చదివినోళ్లకే నౌకర్లు దొర్కుతలేవు," అన్నాడు శంకర్రావు. "నువ్వు ఇంట్ల కూసొని నేర్చుకుంటవా?"

"నాయినా, ఆయన మొత్తుకుంటుంటె నాకు వినబడలే. రేపు నా చేతుల ఎవరన్న పోతె?"



కంప్యూటర్ మాట ఆమెకు ఊరికే తోచింది కాదు. కాల్ రూము స్క్రీను మొదట పిన్‌కోడ్ అడిగేది. ఊపిరాడని మనిషిని పిన్‌కోడ్ ఎలా అడగాలని ఆమె పోట్లాడితే, బాగుచేయడానికి వచ్చిన డెవలపర్ తుషార్ అక్కడే కూర్చుని ప్రోగ్రాములో నాలుగు లైన్లు మార్చాడు. ఆ తర్వాత స్క్రీను మొదట దగ్గరలో గుర్తుగా ఏముందో అడగసాగింది. ఏ ఏడుపూ వినకుండానే అతను అందరి పనీ తేలిక చేశాడు. అది ఆమె మనసులో ఉండిపోయింది. ఉద్యోగం మానేశాక అతనికే ఫోను చేసి ఏం నేర్చుకోవాలో, ఎక్కడ మొదలుపెట్టాలో అడిగింది.

పాత లాప్‌టాప్ మీద, ఇంటర్నెట్‌లో దొరికే పాఠాలతో మొదలుపెట్టింది. తప్పు రాస్తే స్క్రీను ఎర్రబడేది తప్ప ఎవరూ చచ్చిపోయేవారు కాదు. అయినా ఖాళీ అంతస్తు నిశ్శబ్దం ఆమెను కూర్చోనిచ్చేది కాదు. తాళాలు వేసిన గదుల ముందు నడుస్తూ ఒక్కో తలుపుకూ చెవి ఆనించేది. లోపల ఎవరూ లేరని తెలుసు. అయినా ఆనించేది.

మొదటి ఇంటర్వ్యూలో ఉద్యోగం రాని వారంలోనే ఒక పగలు మనాలి ఫోను చేసింది.

"ఇప్పుడే ఒక ఫోను వచ్చింది. నంబరు లేదు," అంది మరాఠీలో. "ముసలావిడ. తెలుగులా ఉంది. నీ పేరు ఒక్కటే అర్థమైంది. ఇంట్లో అంతా బాగున్నారా?"

సంధ్య తిరిగి చూసింది. అవ్వ చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. పెదాలు మూసుకునే ఉన్నాయి.

"అవ్వా, నన్ను పిలిచినవా?"

అవ్వ చెయ్యి ఆగిపోయింది. "లేదు. గొంతు ఎండుతుంటె, సంధ్యా జర నీళ్లియ్యే అని మనసుల అనుకున్న. నువ్వు పనిల ఉన్నవని నోరు తెర్వలే."

చేతిలో ఫోను అలాగే ఉంది. అవతల మనాలి హలో హలో అంటోంది. సంధ్య కట్ చేసింది.

"మరి ఆ రోజు? బండి వచ్చిన రోజు?"

అవ్వ చేట పక్కన పెట్టింది.

"మోరికాడ పడ్డనే. నోట్లెకెల్లి మాట రాలే. ఈ అంతస్తుల పిలిస్తె పలికేటోళ్లు ఎవరున్నరు? మనసులనే నిన్ను పిల్చిన. జరసేపటికి గోడ పట్టుకొని లేచిన. చెప్తె నౌకరి మాన్పించి నీ నాయిన నిన్ను నాకాడ కూసోబెడ్తడని చెప్పలే."

అవ్వ చీర అంచు పైకి లాగి చూపింది. చీలమండ దగ్గర వాపు ఇంకా పూర్తిగా తగ్గలేదు. సంధ్య నీళ్లు తెచ్చి ఇచ్చి ఆమె పక్కన కూర్చుంది. ఇద్దరికీ భయమేసింది. అవ్వకే ఎక్కువ. తన మనసులోది ఎక్కడెక్కడికి పోతోందో ఆమెకు అంతుబట్టలేదు.

"ఇగ ఏది కావాల్నన్న నోటితోనే అడుగు అవ్వా," అంది సంధ్య. "మనసుల పెట్టుకోకు."

శంకర్రావు మోరి పక్కన గోడకు ఇనుప కడ్డీ బిగించాడు. మనాలి దగ్గర్నుంచి మళ్లీ అలాంటి ఫోను రాలేదు.

ఆ తర్వాత ఇంకో రెండు ఇంటర్వ్యూలు పోయాయి. నాలుగోది తుషార్ పనిచేసే చిన్న కంపెనీలోనే. తను రాసిన చిన్న ప్రోగ్రాము ఆమె చూపించింది, అతని పై ఆఫీసరు నచ్చిందన్నాడు. ఇప్పుడు ఆమె ఆసుపత్రుల అపాయింట్‌మెంట్ల స్క్రీన్లు తయారుచేస్తోంది. వారంలో రెండు రోజులు ఆఫీసు, మిగతా రోజులు ఖోలీలోనే. రాత్రిళ్లు నిద్ర పడుతోంది. ఆఫీసువాళ్లు ఎంత చెప్పినా హెడ్‌ఫోన్లు మాత్రం పెట్టుకోదు.

అవ్వ ఇప్పుడు అన్నీ పైకే చెబుతుంది. ఆకలైతున్నది, ఎండ ఎక్కింది, నాకు నిద్రొస్తున్నది అని. ఒక సోమవారం ఆన్‌లైన్ మీటింగు మధ్యలో ఆ గొంతు వినబడి, వెనక ఎవరు మాట్లాడుతున్నారని కొత్తగా చేరిన అమ్మాయి అడిగింది.

"మా అవ్వ. చాయ్ అడుగుతోంది," అని చెప్పి మైకు ఆపకుండానే సంధ్య లేచింది. పొయ్యి మీద పాలు పొంగేదాకా ఇరవై మైళ్ల అవతల ఆఫీసులో నలుగురు మనుషులు ఏమీ మాట్లాడకుండా ఆ ఖోలీని వింటూ కూర్చున్నారు.