చచ్చిన సేనాపతి మీద పడి ఏడ్చిన ఆరోగ్యమ్మ

గురజాల చుట్టుపక్కల పల్లెల్లో ఎవరు పోయినా ఆరోగ్యమ్మకి కబురొచ్చేది. పోయినోడి మంచీ చెడ్డా వరసపెట్టి చెబుతా ఆమె శోకం తీస్తే, కిట్టనోళ్ళు కూడా ముక్కు చీదాల్సిందే. అట్టాంటి మనిషి, సొంత మొగుడు యేసోబు పోయినప్పుడు మాత్రం నోరు తెరవలేదు. ఊరి లీడరు చెన్నకేశవరావు రాకపోతాడా, ఆయన ముందే ఏడుద్దామని గుమ్మం వంక చూస్తా కూర్చుంది. ఎలక్షన్ గొడవలో ఆయన మీద పడాల్సిన కర్ర దెబ్బని తన నెత్తిన కాసుకుని, ఏడాది మంచాన పడి కన్నుమూశాడు యేసోబు. ఆ మహానుభావుడు రాలేదు సరిగదా, ఒక పూలదండైనా పంపలేదు.

ఆరేళ్ళకి ఊళ్ళోకి సినిమా వాళ్ళు దిగారు. యుద్ధం సినిమా. చచ్చిన సేనాపతి కోసం బంటు పగ తీర్చుకునే కథ. షూటింగుకి పొలం ఇచ్చినందుకు చెన్నకేశవరావు తనకో వేషం కావాలన్నాడు. ఒక్క డైలాగుకి ఏడు సార్లు తడబడేసరికి, డైరెక్టరు ఆయన్ని చచ్చిన సేనాపతిని చేసి పడుకోబెట్టాడు. కవచం ఆ బొజ్జకి పట్టక వెనక తాళ్ళతో బిగించారు. మీద పడి ఏడ్చే బంటు పెళ్ళాం వేషానికి ఊరంతా ఆరోగ్యమ్మ పేరే చెప్పింది.

"ఆయన కోసం నేనేడవాలా? నా చెప్పు కూడా ఏడవదు!" అంది ముందు. తర్వాత ఏమనుకుందో, "మధ్యలో లేచి పోడు గదా?" అని అడిగింది.

"షాట్ అయ్యేదాకా కదలకూడదమ్మా."

"అయితే పదండి."

యాక్షన్ అనగానే గుండెలు బాదుకుంది.

"ఓ నాయనా, చెన్నకేశవా! నీ జెండా మోసినోడయ్యా నా యేసోబు! నీ దెబ్బ తిన్నోడయ్యా! ఎట్టుందిరా అని ఒక్కనాడు అడిగావా? నువ్వొస్తావని పొద్దుగూకేదాకా శవాన్ని ఎత్తనివ్వలేదయ్యా! నీ కారు మా వీధి మలుపు దాకా వచ్చి ఎనక్కి తిరిగింది గదయ్యో!"

"పేరు డబ్బింగులో మార్చుకుందాం, ఆపొద్దు" అని డైరెక్టరు గుసగుసలాడాడు. కత్తులు పట్టుకున్న సైనికులంతా కళ్ళు తుడుచుకుంటున్నారు.

"సార్, కట్. శవం ఏడుస్తంది" అన్నాడు కెమెరామెన్.

నిజమే. చెన్నకేశవరావు కన్నీళ్ళు చెవుల్లోకి కారి, అతికించిన గడ్డం ఒక పక్క ఊడింది. కళ్ళు తెరవకుండానే, "మొహం చెల్లక రాలేదు ఆరోగ్యమ్మా" అన్నాడు.

"సచ్చినోళ్ళు మాట్లాడకూడదు. పడుకో."

ఆమె చెంపలు కూడా తడిసిపోయి ఉన్నాయి. యేసోబు కోసం ఆమె ఏడవడం అదే మొదలు. కొంగుతో మొహం తుడుచుకుని డైరెక్టరు వైపు తిరిగింది.

"ఇంకోసారి తియ్యండి బాబూ. నాకింకా చానా ఉంది."