సంతకాలయ్యాక సార్ బయటికి వెళ్లేవారు

పన్నుల సార్ ఇక లేరు. పోయిన నెల వనపర్తిలో, సొంత ఇంట్లోనే, పొద్దున పేపరు చదువుతూ కుర్చీలో పక్కకు ఒరిగిపోయారట. ఆ కబురు మాకు తెచ్చింది వనపర్తి బస్సు కండక్టరు. గద్వాల బస్టాండులో బస్సు ఆపి, రోడ్డు దాటి మా చీరెల దుకాణానికి వచ్చి, "మీ సార్ పొయిండు" అన్నాడు. ఏ సార్ అని నేను అడగలేదు. చదువు చెప్పిన పంతుళ్లు మాకూ ఉన్నారు గానీ, మా ఏడిండ్ల నేతవాళ్లకు ‘మీ సార్’ అంటే ఎవరో ఊరందరికీ తెలుసు.

ఆయన ఇన్‌కంటాక్స్ వకీలు. వనపర్తి నూనె మిల్లులవాళ్లకు, నాగర్‌కర్నూలు, అచ్చంపేట వ్యాపారులకు పన్నుల లెక్కలు చూసేవారు. మగ్గాల ఇండ్లవాళ్లం మాకు అలాంటి వకీలుతో పనేమిటంటారా? బస్టాండు ఎదురుగా ఉన్న దుకాణాల వరుస మాది. మా నాయనల కాలంలో ఏడు నేత కుటుంబాలు తలా ఇంత సమానంగా వేసి కట్టుకున్న మల్గీలు అవి. మగ్గం ఆడని రోజుల్లో కిరాయి ఆదుకుంటుందని వాళ్ల ఆలోచన. కట్టిన రోజే ఒక ఒప్పందం రాసుకున్నారు. వచ్చిన కిరాయిని ఏటా దసరాకు పెద్దలు కూర్చుని, ఏ ఇంటి అవసరం ఎంతో చూసి ఆ ప్రకారం ఇవ్వాలి. పెళ్లి ఉన్న ఇంటికి ఎక్కువ, ఏ బాధా లేని ఇంటికి తక్కువ, ఒక్కోసారి ఏమీ లేదు. అది మాకు గొప్పగా ఉండేది. ఇప్పటికీ గొప్పే అంటాను.

ఎనభైల నడుమ పన్నుల ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. ఎవరి వాటా ఎంతో ముందుగా తేలకపోతే, కిరాయి మొత్తాన్నీ ఒక్క ముద్దగా చూసి, ఉన్నవాటిలోకెల్లా పెద్ద రేటున పన్ను వేయమంటుంది చట్టం. విడివిడిగా చూస్తే మాలో ఒక్కరికీ పన్ను కట్టేంత రాబడి లేదు. కలిపి చూసేసరికి మేము రాత్రికి రాత్రి షావుకార్లం అయిపోయాం.

సరిగ్గా ఆ ఏడే మా అన్నకు గుండె ఆపరేషన్ చేయాలని హైదరాబాద్ దవాఖానలో చెప్పారు. దసరా కిరాయి మొత్తం మా వదిన చేతిలో పెట్టాలని అందరం మనసులో అనుకునే ఉన్నాం. ఇప్పుడు అందులో పెద్ద ముక్క పన్నుకే పోయేట్టుంది. ఇంకో దసరా దాకా ఆగే గడువు అన్నకు లేదు.

ఆ నోటీసు చూడటానికి సార్ మొదటిసారి వచ్చినప్పుడు మా మల్గీలోనే ఉన్న హోటల్ నుంచి చాయ్ తెప్పించాం. తాగి, లేచి, హోటలాయనకు పైసలు ఇచ్చి వచ్చారు. మాకు తల కొట్టేసినట్టయింది. కిరాయికున్నవాడి దగ్గర మీ పేరు మీద ఊరికే తాగితే అది కూడా కిరాయి కిందికే వస్తుందని నవ్వారు. వేళాకోళం అనుకున్నాం గానీ, పదమూడు పద్నాలుగేళ్లలో ఒక్క చాయ్ ఆయన ఊరికే తాగలేదు. తన ఫీజు కూడా వదులుకోలేదు. ఊరికే చేస్తే మీరు నా మాట వినరు అనేవారు. నిజమే, వినేవాళ్లం కాదు.

నోటీసు చదివాక మా చిన్నాయన గొంతు తగ్గించి తన దగ్గరున్న పాత స్టాంపు కాగితం సంగతి చెప్పాడు. వాటాలు మొదటి నుంచీ ఉన్నట్టు పాత తారీఖుతో రాసేద్దాం అన్నాడు. సార్ కోప్పడలేదు.

"గట్ల ఒక్కసారి రాస్తే ఆఫీసుల నా మాటకు విలువ పోతది. విలువ పోయిన వకీలు మీకెందుకు?" అన్నారు.

గడిచిన ఏండ్ల పన్ను కట్టాల్సిందేనని చెప్పారు. వాయిదాల మీద కట్టేట్టు మాత్రం ఆఫీసరును ఒప్పించుకొచ్చారు. ఇక ముందుకు ఒకటే దారి. ఏడుగురం ఒప్పుకొని, ఏడు సమాన వాటాలని రిజిస్టరు చేయించుకోవాలి. దసరాకు కిరాయి మొత్తం ఆ వాటాల ప్రకారమే పంచెయ్యాలి. ఎవరి వాటా వాళ్ల రాబడి, పన్ను పడితే వాళ్లే కట్టుకుంటారు. మా ముఖాలు చూసి, దుకాణంలో మడతపెట్టి ఉన్న, ఒంటికి నూలు, అంచుకు పట్టు వేసి నేసిన చీరె ఒకటి విప్పి చూపించారు.

"చీరె ఒక్కటే. నూలు ఏడిదాంక, పట్టు ఏడికెళ్లి అనేది నేసినోళ్లు మీకు తెల్వదా? కిరాయి గూడ గంతే."

గద్వాల నేతగాళ్లకు దాని తర్వాత ఇంకేం చెప్పక్కరలేదు. అప్పటిదాకా గోడ పక్కన కూర్చున్న వదిన మాత్రం, "గట్లయితే మా ఇంటాయన ఆపరేషన్ ఎట్ల సారూ?" అంది.

"మీ వాటా మీకొస్తదమ్మా. వాళ్లది వాళ్లకొస్తది. అటెన్క ఎవలేం జేస్తరో నేను అడుగ. మీరు గూడ ఎవల్ని అడుగొద్దు."

నాకు ఒళ్లు మండింది. ప్రాణం మీదికొచ్చిన ఇంట్లో ఆడమనిషికి చెప్పే మాటేనా అది అనిపించింది. ఇన్నేళ్ల తర్వాత కూడా, ఆ కోపం ఆ రోజుకు న్యాయమేనంటాను.

దసరా రానే వచ్చింది. చివరి మల్గీలో చాప పరిచి కూర్చున్నాం. సార్ ఒక్కొక్కరి పేరు పిలిచి కవరు చేతికిచ్చి సంతకం తీసుకున్నారు. ఆఖరు సంతకం కాగానే పెన్ను జేబులో పెట్టుకొని, "నా పని అయిపోయింది" అని లేచి బయటికి పోయారు. బస్సుకు పోతున్నారేమో అనుకున్నాను. పోలేదు. మెట్ల మీద, మాకు వీపు పెట్టి, చేతులు వెనక్కి కట్టుకొని నిలబడ్డారు.

లోపల మా చిన్నాయన, ఆ పాత స్టాంపు కాగితపు చిన్నాయనే, తన కవరు తీసి వదిన ముందు పెట్టాడు. దాని మీద ఇంకొకటి పడింది. ఆ మీద ఇంకొకటి. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. సార్ వెనక్కి తిరగలేదు.

మా అన్న ఇప్పటికీ మగ్గం మీద కూర్చుంటున్నాడు.

ప్రతి దసరాకూ ఎందుకట్లా బయటికి పోతారని ఒకసారి బస్సు కోసం చూస్తున్నప్పుడు అడిగాను. ముందే ఇస్తామని మాట అనుకుంటే, దానికి తాను సాక్షిగా ఉంటే, అది మళ్లీ పాత ఒప్పందమే అవుతుందన్నారు. ఆ తర్వాత ఇంకో మాట అన్నారు. "ఇయ్యనోడు గూడ తలెత్తుకొని ఇంటికి పోవాలె. గప్పుడే అది వాటా." ఆ మాట కోసమే నాకు ఆయన మీద ప్రేమ. ఒక ఏడు ఒక ఇంటివాళ్లు కవరు జేబులో పెట్టుకొని వెళ్లిపోయారు. మాలో ఎవరూ పల్లెత్తు మాట అనలేదు.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు మూల మల్గీ పోయి నష్టపరిహారం వచ్చింది. ఆ దసరాకు ఒక్కొక్కరికి రెండేసి కవర్లు ఇచ్చారు. ఒకటి కిరాయి, రెండోది ఆస్తి పోయినందుకు వచ్చింది, రెంటికీ పన్ను ఒకే తీరుగా ఉండదు, కలపొద్దన్నారు. ఆ మధ్య ఏదో పన్నుల పత్రికలో చదివి మురిసిపోతూ వచ్చారు. అమెరికాలో పెద్ద పెద్ద బిల్డింగులను వేలమంది వాటాలు వేసుకొని కొంటారట. వచ్చిన రాబడిలో దాదాపు అంతా పంచేస్తే, పంచినదాని మీద ఆ సంస్థకు పన్ను లేదట, తీసుకున్నవాళ్లే కట్టుకోవాలట. ఎవరికి ముట్టినదాంట్లో కిరాయి ఎంత, ఆస్తి అమ్మితే వచ్చింది ఎంత అని విడదీసి చెప్పాలట. "మన మల్గీల ముచ్చటే గద" అని, ఆ ఆలోచన మా దగ్గరి నుంచే పోయినంత ధీమాగా చెప్పారు. నేనూ ఔనన్నాను.

ఈ దసరా ఆయన లేకుండా వచ్చిన మొదటిది. అవసరం ఈసారి చిన్నాయన ఇంట్లో ఉంది. పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు, ఆయన బదులు కోడలు వచ్చింది. సార్ నేర్పినట్టే పేర్లు పిలిచి కవర్లు నేనిచ్చాను. సంతకాలయ్యాయి. ఎవరూ కదల్లేదు. అందరి చూపూ గుమ్మం వైపే ఉంది. బయటికి పోవాల్సిన మనిషి ఇంకా పోలేదన్నట్టు కూర్చున్నాం.

అప్పుడు మా వదిన మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. కొంగు భుజం చుట్టూ కప్పుకొని, మెల్లగా గుమ్మం దాటింది. ఆమె కూర్చున్న చోట చాప మీద కవరు అట్లాగే ఉంది. వదిన మెట్ల మీద, మాకు వీపు పెట్టి, వనపర్తి బస్సు వచ్చే దిక్కు చూస్తూ నిలబడింది.