వీపు ఆనిన రాయి

పొలాల మధ్య ఏ కాలంవాళ్లో పాతిన నిలువురాళ్లకు అతను కాపలాదారు. గడ్డి కోస్తాడు, రాళ్లమీద పేర్లు గీకబోయేవాళ్లను కసురుతాడు. మధ్యాహ్నం మాత్రం చివరి రాయికి జారగిలబడి, కాళ్లు బార్లా చాపుకుని భోంచేస్తాడు. ఏళ్ల తరబడి అదే రాయి, అదే వైపు. వానలు వెలిశాక ఒకరోజు అలాగే వెనక్కి వాలితే వీపుకు రాయి అందలేదు. తిరిగి చూస్తే అది అవతలికి ఒరిగి ఉంది. ఎన్ని గాలివానలకూ చెక్కుచెదరని రాయి తన వీపుకు లొంగిందా? పురావస్తుశాఖ ఆఫీసులో చెప్పకుండానే ఇంటికి వెళ్లిపోయాడు. ఇంట్లో మాటవరసకు, “నేనానుకుంటే రాయి పడిపోతుందా?” అని అడిగితే భార్య, “నువ్వానుకుంటే మన తలుపే కదలదు కదయ్యా!” అని నవ్వేసింది.

మర్నాడు ఆమె క్యారేజీ తెచ్చేసరికి అతను ఒరిగిన రాయి కింద కూర్చుని, మడమలు నేలకు తన్నిపెట్టి, వీపుతో దాన్ని మోస్తున్నాడు. ఒళ్లంతా చెమట.

“ఇవాళ ఇటు కూర్చున్నావేంటయ్యా?”

“ఇటు నీడ బాగుంది.”

“అయితే నేనూ కూర్చుంటా,” అంటూ ఆమె పక్కనే చతికిలబడింది.

అతని పైప్రాణాలు పైనే పోయాయి. ఆమెను రెక్క పట్టుకుని అవతలికి లాగేసి, ఆఫీసుకు ఫోన్ కలిపాడు.

“రాయి ఒరిగింది సార్,” అన్నాడు. “నేనే ఆనుకున్నాను.”