ఇద్దరు సత్యనారాయణలు, ఒక ఆయ్

దెయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. అమలాపురంలో ఓ ల్యాబులో శాంపిళ్లు అందుకునే బల్ల దగ్గర ఇన్నేళ్లు కూర్చున్నవాడికి భయం ఉండదు, అసహ్యం ఉంటుంది. మూత సరిగా పెట్టని మలం డబ్బాలు, అంచుల వెంట కారే కళ్లె డబ్బాలు. ముద్ద నోటిదాకా వచ్చాక ఆ వాసన గుర్తొచ్చి చెయ్యి కడిగేసుకున్న రోజులున్నాయి.

ఇది రాయడం మా ల్యాబులో పనిచేసిన లక్ష్మిగారి కోసం. సీసాలు మార్చేసి ఉద్యోగం పోగొట్టుకుందని ఆవిడ గురించి చెప్పుకుంటారు. మార్చింది ఆవిడ కాదు, నేను.

ఆ మధ్యాహ్నం రెండు చిన్న సీసాలు వచ్చాయి. ఒకటి కపిలేశ్వరపురం రైతుది, ఒకటి రావులపాలెం అరటిపళ్ల వ్యాపారిది. రెండూ గొంతులోంచి కోసిన ముక్కలే. క్యాన్సరేమో తేల్చడానికి హైదరాబాదు పంపాలి. అన్నవరం మొక్కుల పుణ్యమా అని మా వైపు ఇంటికో సత్యనారాయణ ఉంటాడు. వీళ్లిద్దరి పేరూ అదే. ముక్కలు చెడకుండా పోసే ఫార్మలిన్ దారిలో కారి లేబుళ్లు రెండూ ఊడిపోయాయి.

అలాంటప్పుడు ముక్కలు మళ్లీ తీయించాలి. నేను ఆ పని చేయలేదు. ఘాటుకి కళ్లు మండుతున్నాయి. ఆ ముక్కలు నమిలి ఊసిన కొబ్బరి పిప్పిలా ఉన్నాయి. మొహం పక్కకు పెట్టుకుని, తోచినట్టు కొత్త లేబుళ్లు అంటించేశాను.

మా దగ్గర ఒకరు లేబుల్ మీది పేరు పైకి చదవాలి, రెండోవారు కంప్యూటర్‌లో సరిచూడాలి. కంప్యూటర్ ముందు లక్ష్మిగారు కూర్చున్నారు. నేను ఒక సీసా ఎత్తి, “సత్యనారాయణగారు, కపిలేశ్వరపురం” అని చదివాను.

“ఆయ్.”

మా ఊళ్లలో పేరు పెట్టి పిలిస్తే ఎవరైనా పలికే ‘ఆయ్’ అది. మగగొంతు. నోట్లో నీళ్లు పోసుకుని పలికినట్టుంది. తలుపులు వేసి ఉన్నాయి, గదిలో మేమిద్దరమే. మళ్లీ చదివాను. మళ్లీ పలికింది. నా చెవిలో ఎవరో ఉమ్మినట్టనిపించి భుజంతో తుడుచుకున్నాను.

లక్ష్మిగారు లేచి వచ్చారు. “మీ చేతిలోది కాదండి, బల్ల మీదున్నది పలికింది. పేర్లు మారిపోయేయండి.”

“శాంపిళ్లకి హాజరు కూడా వేస్తారేటండి మీరు?” అని వెక్కిరించి, రెండూ పంపించేశాను.

ఆవిడ ఊరుకోలేదు. రెండిళ్లకీ ఫోన్ చేసి, బతిమాలి, మళ్లీ ముక్కలు తీయించారు. నా లేబుళ్లు తప్పని తేలింది. క్యాన్సర్ రైతుకి. లేకపోతే ఆయన్ని ఏమీ లేదని ఇంటికి పంపేవారు, ఏ రోగమూ లేని వ్యాపారి గొంతు కోసేవారు. యజమాని అడిగినప్పుడు నేను నోరెత్తలేదు. కంప్యూటర్‌లో సరిచూసింది ఆవిడ కాబట్టి తప్పూ ఆవిడదే అనుకుని మాన్పించేశారు.

ఈమధ్య కపిలేశ్వరపురంలో ఆ రైతు ఇంటికి వెళ్లాను. ఆపరేషన్ తర్వాత ఆయన గొంతు దగ్గర రంధ్రం మిగిలింది. జరిగినదంతా చెప్పాను.

“ముక్క తియ్యకముందే మాట పడిపోయిందండి ఈయనకి,” అంది ఆయన భార్య. “అప్పటికే ఎవరు పిలిచినా చెయ్యే ఊపేవోరు.”

నేను మెల్లగా “సత్యనారాయణగారూ” అన్నాను. ఆయన పెదవులు ఆయ్ అన్నట్టు కదిలాయి. శబ్దం లేదు. రంధ్రంలో కళ్లె బుడగ లేచి పగిలింది. ఈసారి మొహం తిప్పుకోలేదు.

ఆ రోజు పలికిందేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. లక్ష్మిగారు విన్నది మాత్రం నేనూ విన్నాను.