నల్లా కోసం రాసిన స్తోత్రం

మా గల్లీలో నల్లా ఎండిపోయి తొమ్మిది రోజులైంది. పక్కింటి అక్క బీడీలు చుట్టి బతికే మనిషి. మోకాళ్ల నొప్పులతోనే బీర్కూర్ రోడ్డు దాకా వెళ్లి బిందెతో నీళ్లు మోసుకొచ్చేది. ఆ వారమే ఎమ్మెల్యే గారి ఆఫీసు వాళ్లు వచ్చి అందరి ఫోన్లలో ఒక యాప్ వేసి వెళ్లారు. అందులో కష్టం రాస్తే నేరుగా ఆయనకే చేరుతుందట.

"సత్సంగంల పురాణం చెప్తవ్ గదా, నువ్వే రాయన్నా" అంది అక్క.

రాశాను. ముప్పై ఏళ్ల భజన మండలిలో నాకు అలవడిన పద్ధతి ఒకటే. ముందు స్తుతి, తర్వాతే కోరిక. "దీనబంధువులు, ఆశ్రితుల పాలిటి కల్పవృక్షం, మండు వేసవిలో మేఘం వంటివారు" అని మొదలుపెట్టి, చివర్లో నల్లా సంగతి విన్నవించుకున్నాను. యాప్‌లో అక్షరాలకు హద్దు ఉంటుందని నాకేం తెలుసు? విన్నపం మేఘం దగ్గరే తెగిపోయింది.

మర్నాడు ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చారు. ఒకతని చేతిలో కెమెరా, ఇంకొకతని చంకలో నా స్తోత్రం అచ్చేసిన ఫ్లెక్సీ.

"ఒక్క ఫిర్యాదు లేకుంట రాసింది నువ్వొక్కనివే పెద్దాయనా" అన్నాడు కెమెరా అతను. "సార్ మస్తు ఖుషీ అయిండు. ఆయన ఇప్పించిన నల్లా పక్కన నిలబడు, ఫొటో తీస్త."

"దాంట్ల నీళ్లు వస్తలేవు బాబూ. నేను రాసిందే అది."

అతను ఫోన్ చూశాడు. "గిండ్ల మేఘం దాకనే ఉన్నది."

"మేఘం తర్వాత ఉండె."

"తర్వాత ఏం లేదు."

ఎండిన నల్లా మీద మేఘమని ఫ్లెక్సీ కడితే బాగుండదని వాళ్లిద్దరూ పక్కకెళ్లి మాట్లాడుకున్నారు. గంటలో ట్యాంకర్ వచ్చింది. దాని పైపును నల్లా వెనక దాచి కట్టి, ధార వదిలారు. నేను చేతులు జోడించి నిలబడ్డాను. కళ్లు మూసుకున్నానని నాలుగుసార్లు తీశారు. ఆ కాసేపట్లో అక్క బిందెలు, బకెట్లు, చివరికి పప్పు గిన్నె కూడా నింపేసుకుంది. అడగకముందే ఇచ్చేవాడు దేవుడని సత్సంగంలో నేనే చెబుతుంటాను. అడిగింది చేరకుండానే ఇచ్చినవాళ్లను మాత్రం ఆ రోజే చూశాను.

వాళ్లు వెళ్లాక, అసలు సంగతి చేరాలి కదా అని, స్తుతి వదిలేసి "నల్లాలో నీళ్లు రావడం లేదు" అని మాత్రం రాశాను. పంపేలోపు అక్క నా చెయ్యి పట్టుకుంది.

"గట్ల రాస్తే అందరి ఫిర్యాదులల్ల కలుస్తది. ఎల్లుండికి నా బిందెలల్ల నీళ్లు ఒడుస్తయ్. మళ్ల స్తోత్రమే రాయి."

"మళ్లీనా?"

"సూర్యుడు గీర్యుడు అనకు. నీళ్లున్నదేదన్న రాయి."

రాసింది చెరిపేసి, "కరుణాసముద్రులైన" అని మొదలుపెట్టాను.